కాలేజీ పరిశోధన లెక్క నిజంగా తేలాలంటే: నల్లగొండ, పాలమూరు ఇంజినీరింగ్ అధ్యాపకులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ పేరు దాదాపు యాభై ఏళ్లుగా ప్రపంచ పరిశోధన పత్రాల్లో తిరుగుతోంది. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఒక పద్ధతి రూపొందించి, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. 1975లో ఆ పేపర్ మన దేశంలోనే వెలువడే ఒక జర్నల్‌లో అచ్చయింది. తర్వాత టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో ఫ్లోరైడ్ బాధ ఉన్న ఊళ్లకు ఆ పద్ధతి చేరింది. ఈరోజుకీ ఫ్లోరైడ్ తొలగింపు మీద రాసేవాళ్లు దాన్ని ప్రస్తావిస్తూనే ఉన్నారు, దాని లోపాలను కూడా చర్చిస్తున్నారు. ఒక పరిశోధన ప్రభావం అంటే ఏమిటో ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే.

నేను నల్లగొండ జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీ చూసుకుంటాను, రీసెర్చ్ సెల్ లెక్కలు కూడా నావే. ఏటా కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ నివేదిక, కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ఫారం దగ్గరపడగానే ఒకటే టెన్షన్: “మేడం, మన పేపర్లు ఎన్ని?” ఆ ప్రశ్నకు ఒక్క రాత్రిలో జవాబు చెప్పలేం. చెప్పినా అది నిలవదు. మన దగ్గర మంచి పని చేస్తున్నవాళ్లున్నారు. వాళ్ల పని పది పేర్ల మధ్య చెదిరిపోయి ఎవరికీ కనిపించకుండా పోతోంది. అందుకే నేను తప్పులు చేస్తూ నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: సంస్థ పేరు ఒక్కటి చేయండి

అన్నింటికన్నా ఎక్కువ పేపర్లు పోయేది ఇక్కడే. అందుకే దీని మీద ఎక్కువసేపు కూర్చోండి.

మన ప్రాంతానికి ఈ చిక్కు మామూలుగా లేదు. నల్లగొండ విశ్వవిద్యాలయం పేరు మహాత్మా గాంధీ యూనివర్సిటీ, 2007లో పెట్టారు. సరిగ్గా అదే పేరుతో కేరళలోని కొట్టాయంలో 1983 నుంచి మరో యూనివర్సిటీ ఉంది. మన అధ్యాపకుడు పేపర్‌లో ‘మహాత్మా గాంధీ యూనివర్సిటీ, ఇండియా’ అని రాసి వదిలేస్తే, పరిశోధన పేపర్ల వివరాలు నమోదుచేసే డేటాబేస్‌లో కూర్చున్న కంప్యూటర్‌కు అది ఏ ఊరిదో ఎలా తెలుస్తుంది? పెద్దగా పేరున్న పాత సంస్థ ఖాతాలోకి అది వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఊరి పేరు రాయడం మర్యాద కోసం కాదు, పేపర్ మనదని తేల్చేది ఆ ఒక్క మాటే.

జేఎన్‌టీయూ సంగతి ఇంకోలా ఉంటుంది. 1972లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం పేర్లతో విడిపోయింది. విడిపోకముందు పేపర్లలో ‘జేఎన్‌టీయూ’ అనే ఉంటుంది. అనుబంధ కాలేజీల్లో పనిచేసేవాళ్లు కొందరు తమ కాలేజీ పేరు రాస్తారు, కొందరు జేఎన్‌టీయూహెచ్ అని మాత్రమే రాస్తారు. ఇలా రాసినప్పుడు కాలేజీకి ఆ పేపర్ దక్కదు.

ఊళ్ల పేర్లూ అంతే. ఇంగ్లిష్‌లో మహబూబ్‌నగర్‌ను నాలుగైదు రకాల స్పెల్లింగులతో రాసినవి నేనే చూశాను. నల్లగొండను ఒకరు రెండు ‘ఎల్’లతో రాస్తే ఇంకొకరు ఒకదానితో రాస్తారు. 2014 జూన్ 2కు ముందు అచ్చయినవాటిలో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాక, అప్పటిదాకా నల్లగొండ జిల్లా అని రాసుకున్న కాలేజీ సూర్యాపేట జిల్లాలోనో యాదాద్రి భువనగిరి జిల్లాలోనో తేలింది. పాలమూరు వైపు వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019లో నారాయణపేట కూడా వేరయింది. ఇవన్నీ వెతకకపోతే పాత పేపర్లలో చాలావరకు దొరకవు.

చేయాల్సిన పని ఇది. ఒక ఎక్సెల్ షీట్ తీసి, మీ సంస్థ పేరు ఇప్పటిదాకా ఎన్ని రకాలుగా అచ్చయిందో రాసుకోండి. పాత పేపర్ల మొదటి పేజీలు తిరగేస్తే ఇరవై రకాలైనా దొరుకుతాయి. ఆ జాబితాతో స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, ఓపెన్‌అలెక్స్ అనే పేపర్ల డేటాబేస్‌లలో విడివిడిగా వెతకండి. మొదటి రెండింటికి చందా కావాలి. 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్‌లో వెతకడం ఉచితం, చిన్న కాలేజీలకు ఇది పెద్ద అండ. వేర్వేరు పేర్ల కింద పడి ఉన్నవాటిని ఒక్క ఖాతాలో కలపమని ఆ డేటాబేస్‌లవాళ్లకు అభ్యర్థన పెట్టవచ్చు. సంస్థలకు ఉచితంగా గుర్తింపు సంఖ్య ఇచ్చే రోర్ అనే రిజిస్ట్రీ ఒకటి 2019 నుంచి ఉంది. అందులో మీ కాలేజీ ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్చమని అడగండి.

ఆ తర్వాత ప్రిన్సిపాల్ సంతకంతో ఒక్క పేజీ సర్క్యులర్ తీయించండి. విభాగం, కాలేజీ పూర్తి పేరు, ఊరు, రాష్ట్రం, పిన్‌కోడ్, ఇండియా: ఈ వరసలో, ఈ స్పెల్లింగ్‌తోనే రాయాలి అని. మా దగ్గర దాన్ని ప్రతి స్టాఫ్‌రూమ్ గోడకు అంటించాం. పీహెచ్‌డీ వేరే యూనివర్సిటీలో చేస్తున్న అధ్యాపకులు రెండు చిరునామాలూ రాయవచ్చు. ఆ విషయం చాలామందికి తెలియదు, ఒక్కటే రాయాలనుకుంటారు.

రెండో అడుగు: మనిషి పేరు

మన పేర్ల తీరు డేటాబేస్‌లకు కొరుకుడు పడదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లకు చివర రావాలి. ఒకే శ్రీనివాస్ రెడ్డి గారు ఒక పేపర్‌లో ‘కె. శ్రీనివాస్ రెడ్డి’గా, మరోదాంట్లో ‘శ్రీనివాసరెడ్డి కె’గా, ఇంకోచోట ‘రెడ్డి కె.ఎస్.’గా కనిపిస్తారు. డేటాబేస్ ఆయన్ని ముగ్గురిని చేస్తుంది. ఇంకో ప్రమాదం దీనికి అటువైపు ఉంది: రాష్ట్రంలో ఉన్న నలుగురు కె. శ్రీనివాస్‌లను కలిపి ఒక్కరిని చేస్తుంది.

దీనికి మందు ఓఆర్‌సిఐడి. 2012లో మొదలైన ఈ పదహారు అంకెల గుర్తింపు సంఖ్య ఉచితం, పది నిమిషాల పని. ప్రతి అధ్యాపకుడితో, ప్రతి పరిశోధక విద్యార్థితో తీయించండి. కాలేజీ మెయిల్‌తో పాటు సొంత మెయిల్ కూడా ఇప్పించండి. ఉద్యోగం మారినప్పుడు కాలేజీ మెయిల్ మూసేస్తారు, ఖాతా తెరవలేక బాధపడ్డవాళ్లను చూశాను. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళా అధ్యాపకులకు ఇది మరీ అవసరం. పాత పేరుతో వచ్చిన వాళ్ల కష్టమంతా ఈ ఒక్క సంఖ్య కిందికి చేరుతుంది.

యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే, అధ్యాపకుల వివరాలుండే విద్వాన్ పోర్టల్‌లో కూడా ప్రొఫైల్ పెట్టించండి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ పెట్టుకోవచ్చు కానీ అందులో ‘నావే’ అని తనంతట తాను చేర్చే పేపర్లను ఒక్కొక్కటి చూసి తీసేయాలి. ఇతరుల పేపర్లు మన ఖాతాలో కూర్చున్నా ఊరుకుంటే అది మనం చేసిన తప్పే అవుతుంది.

మూడో అడుగు: ఒకే జాబితా, ఒక పేపర్ ఒక్కసారి

నేను మొదటిసారి లెక్క తీసిన ఏడు, ప్రతి హెచ్ఓడీ దగ్గరా జాబితా తీసుకుని కూడేశాను. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఒకరు ఒకే పేపర్‌ను మూడు విభాగాల కింద చూపించి, “అమ్మా, ఇవి మూడు పేపర్లా?” అని అడిగారు. సివిల్, మెకానికల్, కెమిస్ట్రీ అధ్యాపకులు కలిసి రాసిన పేపర్ అది. ముగ్గురూ నిజాయితీగానే ఇచ్చారు, కూడికలో నేను తప్పాను. ఆరోజు ఆ గదిలో మా మిగతా పేపర్ల మీద కూడా నమ్మకం పోయింది.

అందుకే విభాగాల మొత్తాలను ఎప్పుడూ కూడకండి. మొదట కాలేజీ మొత్తానికి ఒకే జాబితా చేయండి, విభాగాల లెక్క అందులోంచి తీయండి. ప్రతి పేపర్‌కు గుర్తు డీఓఐ, అంటే ప్రచురణకర్త ఆ పేపర్‌కు మాత్రమే ఇచ్చే సంఖ్య. ఆ గడిలో ఒకే సంఖ్య రెండుసార్లు కనిపిస్తే ఒకటి తీసేయండి. డీఓఐ లేని పేపర్లకు శీర్షిక, జర్నల్, సంవత్సరం మూడూ పోల్చి చూడాలి.

షీట్‌లో ఉండాల్సినవి: శీర్షిక, రచయితలందరి పేర్లు అచ్చయిన వరసలో, మనవాళ్లు ఎవరు, మొత్తం రచయితలు ఎందరు, జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), డీఓఐ, అచ్చయిన తేదీ, ఏ డేటాబేస్‌లో ఉంది, అసలు పేపర్ పీడీఎఫ్ లింకు. పీడీఎఫ్ లేని పేపర్‌ను జాబితాలో పెట్టకండి. ఈ ఒక్క నియమం సగం తగాదాలు తీర్చేస్తుంది.

సంవత్సరం దగ్గర జాగ్రత్త. ఎన్ఐఆర్ఎఫ్ పేపర్లను క్యాలెండర్ సంవత్సరాల ప్రకారం చూస్తుంది. మన కాలేజీ లోపలి నివేదికలు విద్యా సంవత్సరం ప్రకారం నడుస్తాయి. పేపర్ నవంబర్‌లో ఆన్‌లైన్‌లోకి వచ్చి మార్చి సంచికలో చేరితే ఏ ఏడుకు రాయాలన్నది ముందే తేల్చుకుని, షీట్ పైన రాసిపెట్టండి. రెండు తేదీలకూ రెండు గడులు పెట్టుకుంటే ఎవరికి ఏది కావాలంటే అది ఇవ్వవచ్చు.

ఇంకో లెక్క కూడా ఉండాలి. అయిదుగురు రాసిన పేపర్‌లో మనవాళ్లు ఇద్దరైతే పూర్తి లెక్కలో అది 1, వాటా లెక్కలో 0.4. పూర్తి లెక్కే అందరూ అడుగుతారు. కానీ పదిహేనుమంది పేర్లున్న పేపర్లో చివరి పేరు మాత్రం మనదైనప్పుడు, మన కాలేజీలో నిజంగా ఎంత పని జరిగిందో వాటా లెక్కే చెబుతుంది. రెండూ తీసి పక్కపక్కన పెట్టండి.

ఒక మాట గుర్తుంచుకోండి: పేపర్ల సంఖ్య, సైటేషన్లు (ఇతర పేపర్లు మన పేపర్‌ను ఎన్నిసార్లు ఉదహరించాయన్నది) ఎన్ఐఆర్ఎఫ్‌ వాళ్లు మనల్ని అడగరు, డేటాబేస్‌ల నుంచి నేరుగా తీసుకుంటారు. మన షీట్‌లో ఎంత రాసుకున్నా మొదటి అడుగు సరిగా పడకపోతే అక్కడ కనిపించదు.

నాలుగో అడుగు: తాలు చెరగండి

వడ్లు చేటలో చెరిగినట్టు ఇప్పుడు జాబితాను చెరగాలి. ఇది మనసుకు కష్టమైన పని, మనతో రోజూ టీ తాగే సహోద్యోగి పేపర్‌ను పక్కన పెట్టాల్సి వస్తుంది.

‘మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్‌తో సహా’ అని వాట్సాప్‌లో వచ్చే జర్నళ్ల వలలో మన దగ్గర కొత్త అధ్యాపకులు చాలామంది పడ్డారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ప్రమోషన్‌కు ఇన్ని పేపర్లు కావాలని మెడ మీద కత్తి పెట్టింది మనమే. మంచి జర్నళ్లంటూ యూజీసీ ఇచ్చిన కేర్ జాబితా ఉన్నన్నాళ్లు అందులో ఉందా లేదా అని చూసి సరిపెట్టుకున్నాం. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితాను ఆపేసి, జర్నల్ మంచిచెడ్డలు సంస్థలే తేల్చుకోవాలని సూచనలు ఇచ్చింది. అంటే బాధ్యత మన బల్ల మీదికి వచ్చింది.

నేను చూసే పద్ధతి చెబుతాను. ఐఎస్ఎస్ఎన్ సంఖ్యను ఐఎస్ఎస్ఎన్ అంతర్జాతీయ పోర్టల్‌లో వేసి, వచ్చిన పేరు, ప్రచురణకర్త సరిపోలుతున్నాయా అని చూస్తాను. మంచి జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్ నడిపేవాళ్లుంటారు, అందుకని డేటాబేస్‌లో ఉన్న లింకు ద్వారానే జర్నల్ సైట్‌కు వెళ్తాను. గత సంచికలో ఒక పేపర్ తెరిచి, పంపిన తేదీకి అంగీకరించిన తేదీకి మధ్య ఎన్ని రోజులున్నాయో చూస్తాను. సంపాదక వర్గంలో ఒకరి పేరు తీసుకుని, ఆయన యూనివర్సిటీ పేజీలో ఈ జర్నల్ ప్రస్తావన ఉందా అని వెతుకుతాను. ఒక్కో జర్నల్‌కు అరగంట పడుతుంది. స్కోపస్ ఆపేసిన జర్నళ్ల జాబితాను కూడా ఓసారి చూడండి. ఆపేయకముందు వచ్చిన పేపర్లు సాధారణంగా అందులో అలాగే ఉంటాయి, కానీ ఇకముందు అక్కడికి పంపవద్దని చెప్పాలి.

వెనక్కి తీసుకున్న పేపర్ల సంగతి ఇప్పుడు చాలా ముఖ్యం. 2023లో హిందావీ అనే ప్రచురణ సంస్థ ఒక్కటే 8,000కు పైగా పేపర్లు ఉపసంహరించుకుంది. ఇలాంటి పేపర్లను నమోదుచేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను, డీఓఐలు నమోదుచేసే క్రాస్‌రెఫ్ సంస్థ కొని అందరికీ ఉచితంగా తెరిచింది. మీ డీఓఐలన్నీ దానితో పోల్చండి. ఎన్ఐఆర్ఎఫ్ కూడా ఉపసంహరించిన పేపర్లకు మార్కులు కోసే పద్ధతి తెచ్చింది. అలాంటిది మీ జాబితాలో దొరికితే చెరిపేయకండి. పక్కన ‘ఉపసంహరణ’ అని రాసి, కారణం రాసి, లెక్కలోంచి తీయండి. దాచిన కాలేజీ కన్నా చెప్పిన కాలేజీని నమ్ముతారు.

పేటెంట్ల లెక్కలో కూడా ఇదే శుభ్రత కావాలి. దరఖాస్తు ప్రచురితం కావడం వేరు, పేటెంట్ మంజూరు కావడం వేరు. దరఖాస్తు మామూలుగా 18 నెలలకు ప్రచురితమవుతుంది, ఫీజు కట్టి ముందే ప్రచురించమని అడగవచ్చు కూడా. అప్పటికి ఎవరూ దాన్ని పరీక్షించలేదు. డిజైన్ రిజిస్ట్రేషన్ అయితే వస్తువు రూపానికి మాత్రమే రక్షణ, పేటెంట్‌కు సమానం కాదు. మూడింటికీ మూడు గడులు పెట్టి, మంజూరైనవాటిని ఇండియన్ పేటెంట్ ఆఫీస్ వెతుకుడు పేజీలో సరిచూసుకోండి.

అయిదో అడుగు: అంకెలు

ఊహకు ఒక అధ్యాపకురాలి ఎనిమిది పేపర్లు తీసుకుందాం. వాటి సైటేషన్లు 22, 15, 9, 6, 5, 3, 1, 0. పెద్దదాని నుంచి చిన్నదాకా పేర్చి, వరస సంఖ్యతో పోల్చండి. అయిదో పేపర్‌కు 5 ఉన్నాయి, ఆరోదానికి 3 మాత్రమే. అంటే కనీసం 5 సైటేషన్లున్న పేపర్లు 5, కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. పది, అంతకన్నా ఎక్కువ సైటేషన్లున్నవి రెండే కాబట్టి ఐ10 ఇండెక్స్ 2. మొత్తం 61, సగటు 7.6. మధ్య విలువ మాత్రం 5.5. మొదటి రెండు పేపర్లే సగటును లాగుతున్నాయన్నమాట. నివేదికలో సగటు పక్కన మధ్య విలువ కూడా రాయండి.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. అది ఎప్పటికీ తగ్గదు, వయసుతో పెరుగుతుంది. నిన్న చేరిన పాతికేళ్ల అధ్యాపకురాలిని, ముప్పై ఏళ్ల అనుభవమున్న ప్రొఫెసర్‌ను దానితో పోల్చడం అన్యాయం. మెటీరియల్స్‌లో సైటేషన్లు త్వరగా వస్తాయి, స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో నెమ్మదిగా వస్తాయి. విభాగాలను పోల్చక తప్పనప్పుడు అదే రంగం, అదే ఏడాది ప్రపంచ సగటును 1గా పెట్టి లెక్కించే కొలతను వాడండి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌కు సంబంధించినది, పేపర్‌కు కాదు, మనిషికి అసలే కాదు. గత రెండేళ్లలో ఆ జర్నల్‌లో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడు సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో అది చెబుతుంది, అంతే. జర్నల్ కొలతలతో మనుషులను తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన డోరా ప్రకటన స్పష్టంగా చెప్పింది. మన సెలెక్షన్ కమిటీల్లో ఇంకా ఈ మాట గట్టిగా అనేవాళ్లు కావాలి.

ప్రతి అంకె పక్కన ఎక్కడి నుంచి తీశారు, ఏ తేదీన తీశారు అని రాయండి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (అచ్చుకు ముందు ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతులు) కూడా లెక్కిస్తుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఎక్కువ కనిపిస్తుంది. ఒకరి అంకె అక్కడి నుంచి, మరొకరిది స్కోపస్ నుంచి తీసి ఒకే పట్టికలో పెట్టకండి. సొంత పేపర్లను తామే ఉదహరించుకున్నవి తీసేసి ఇంకో గడి పెడితే చిత్రం ఇంకా తేటపడుతుంది.

ఆరో అడుగు: ఎవరికి చేరింది

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే) తల్లి చేతి నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన్ని స్కోపస్‌లో వెతికితే ఏం లాభం? పోచంపల్లి చీర నేసే ఇళ్లలో ఆ యంత్రం ఆడుతోంది కదా, ఆయన ప్రభావం అక్కడ కనిపిస్తుంది. ఇంజినీరింగ్ విద్య నేర్పే మనం సైటేషన్ల దగ్గరే ఆగిపోతే ఎలా?

అందుకే మా కాలేజీలో ఒక రిజిస్టర్ మొదలుపెట్టాం. దీనికి మార్కులు పెద్దగా రావు, అయినా అన్నింటికన్నా ఇదే నాకు ఇష్టం. పేపర్ అచ్చయ్యాక ఒక ఏడాదికి, మళ్లీ మూడేళ్లకు రచయితను మూడు ప్రశ్నలు అడుగుతాం. దీన్ని ఎవరు వాడారు? వాడారని చూపే కాగితం ఏముంది? వాడాక ఏం మారింది? మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బూడిదను ఇటుకల్లో కలిపి చూసిన పేపర్ ఉందనుకోండి. ఏ ఇటుకల బట్టీ యజమాని అయినా కలిపి చూశాడా? చూస్తే ఎంత కలిపాడు, ఇటుక నిలిచిందా? ఆయన రాసిచ్చిన నాలుగు ముక్కలు, ల్యాబ్ పరీక్ష ఫలితం, ఒక ఫొటో జతచేస్తాం. వాడి వదిలేస్తే ఎందుకు వదిలేశాడో కూడా రాస్తాం. నల్లగొండ టెక్నిక్‌కు కూడా బురద మిగలడం, నీళ్లలో అల్యూమినియం ఉండిపోవడం లాంటి చిక్కులు బయటపడ్డాయి. వాటిని రాసి పెట్టినవాళ్ల వల్లే తర్వాతి పద్ధతులకు దారి దొరికింది.

కన్సల్టెన్సీ పనులు, కాంక్రీట్ దిమ్మెల పరీక్షలు, మట్టి పరీక్షలు కూడా ఈ రిజిస్టర్లోనే రాయండి. ఇన్‌వాయిస్ నంబర్ ఉంటే చాలు.

ఏడో అడుగు: తలుపు తెరవండి

కనిపించని పేపర్‌ను ఎవరూ చదవరు. చాలా జర్నళ్లు అంగీకరించిన ప్రతిని సంస్థ రిపాజిటరీలో (సొంత ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టుకోనిస్తాయి, కొన్ని నెలల గడువు తర్వాత. డీస్పేస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మామూలు కంప్యూటర్ మీదే రిపాజిటరీ నడపవచ్చు. జర్నల్ నియమం ముందు చూసుకోండి, అచ్చయిన పీడీఎఫ్‌ను అలాగే పెట్టేస్తే ఇబ్బంది. పీహెచ్‌డీ థీసిస్‌లు దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ నిధి శోధ్‌గంగలోకి వెళ్లాయో లేదో సరిచూడండి. మనవాళ్లు ఇతరుల పేపర్లు చదవడానికి ప్రభుత్వ సంస్థలకైతే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం ఉంది. ప్రైవేటు కాలేజీలవాళ్లు రచయితకు మెయిల్ రాసి అడగండి, చాలామంది సంతోషంగా పంపుతారు.

చివరిగా, మా దగ్గర ఈ ఏడు మొదలుపెట్టిన పని. మన ప్రాంతానికి సంబంధించిన ప్రతి పేపర్‌కు రచయిత చేత తెలుగులో అర పేజీ రాయిస్తున్నాం: ఏం చూశాం, ఏం తేలింది, ఎవరికి పనికొస్తుంది. సమీకరణాలు ఉండవు, మీ అమ్మకు చదివి వినిపిస్తే అర్థం కావాలి అని చెబుతున్నాం. మర్రిగూడ మండలంలో నీటి నమూనాలు తీసిన మా ఎంటెక్ అమ్మాయి రాసిన అర పేజీని ఆ నీళ్లు ఇచ్చిన ఊళ్ల పంచాయతీలకే పంపాం. ఒక సర్పంచ్ ఫోన్ చేసి, మా బడి బోరు ఫలితం విడిగా ఇవ్వగలరా అని అడిగారు. రిజిస్టర్‌లో ఆ ఫోన్ తేదీతో సహా రాసుకున్నాం.